మొదటి ఫిక్సీ కొనేవాళ్లకు: ఏ దారి మంచిది, ఏది వద్దు

ఫిక్సీ పేరుతో మన ఆన్‌లైన్ షాపుల్లో కనిపించే సైకిళ్లలో చాలావాటికి ఆ పేరు చెల్లదు. సన్నటి ఫ్రేము, మెరిసే రంగు రిమ్ములు, గేర్లు లేకపోవడం చూసి ఆ పేరు తగిలించేస్తారు. వెనక చక్రంలో ఉండేది మాత్రం మామూలు ఫ్రీవీలే. దాన్ని సింగిల్ స్పీడ్ అనాలి. తొక్కడం ఆపితే కాళ్లు ఆగుతాయి, సైకిల్ సాగిపోతుంది. ఫిక్సీలో ఆ వెసులుబాటు లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే, కాళ్లు వాటితో పాటు పోవాల్సిందే. అలాగే కాళ్లను బిగబట్టి వెనక్కి అదిమితే చక్రం నెమ్మదిస్తుంది. ఫిక్సీ మీద మోజు పుట్టేదీ, దెబ్బలు తగిలేదీ కూడా ఇక్కడే.

షాపులో తేల్చుకోవడానికి అరనిమిషం చాలు. సైకిల్‌ని చేత్తో పట్టుకుని ముందుకు నడిపించండి. పెడళ్లు వాటంతటవే తిరిగితే ఫిక్సీ, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. వెనక్కి నడిపించి చూసి మాత్రం నమ్మొద్దు. ఫ్రీవీల్ సైకిల్‌ని వెనక్కి నెట్టినా పెడళ్లు తిరుగుతాయి, కాబట్టి ఆ పరీక్షతో ఏమీ తేలదు.

అసలైన ఫిక్సీ మీ చేతికి రావడానికి నాలుగు దారులున్నాయి. ఫ్లిప్-ఫ్లాప్ హబ్ (చక్రం మధ్య భాగం హబ్, ఇది రెండు వైపులా వాడుకునే రకం) ఉన్న రెడీమేడ్ సైకిల్ కొనడం ఒకటి. చవక సింగిల్ స్పీడ్ తెచ్చి వెనక చక్రం మార్చడం రెండోది. ఇంట్లో మూలపడ్డ పాత స్టీల్ సైకిల్‌ని మార్పించుకోవడం మూడోది. నాలుగోది వెలొడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్ కోసం చేసిన ట్రాక్ సైకిల్‌ని రోడ్డెక్కించడం. కొత్తవాళ్లకు మొదటిదే మేలు. మిగతావి ఎప్పుడు పనికొస్తాయో, ఎక్కడ దెబ్బతీస్తాయో తెలియాలంటే ముందు వెనక హబ్ సంగతి అర్థం కావాలి. బ్రాండు, రంగు, హ్యాండిల్ వంపు అన్నీ దాని తర్వాతే.

వెనక హబ్: బేరం ఇక్కడ మొదలుపెట్టండి

సరైన ఫిక్స్‌డ్ హబ్‌ని పక్కనుంచి చూస్తే త్రెడ్, అంటే మర, రెండు మెట్లుగా కనిపిస్తుంది. లోపలి పెద్ద మెట్టు మీద కాగ్, అంటే వెనక పళ్లచక్రం బిగుస్తుంది. దీని త్రెడ్ మామూలుగా కుడివైపు తిప్పితే బిగిసేదే. బయటి చిన్న మెట్టు మీద కాగ్ ఊడకుండా పట్టే లాక్‌రింగ్ కూర్చుంటుంది. దాని త్రెడ్ తిరకాసుది, ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది.

ఈ తిరకాసుకి కారణముంది. ముందుకు తొక్కినప్పుడు కాగ్ ఇంకా బిగుస్తుంది, గొడవ లేదు. ఆపడానికి కాళ్లు వెనక్కి అదిమినప్పుడు మాత్రం చైన్ దాన్ని ఊడే వైపు లాగుతుంది. కాగ్ కాస్త కదలబోయిందంటే తనకు ఆనుకుని ఉన్న లాక్‌రింగ్‌ని కూడా అదే వైపు తిప్పబోతుంది. లాక్‌రింగ్‌కి అది బిగిసే వైపు. అందుకని మీరు ఎంత గట్టిగా అదిమితే అంత గట్టిగా పట్టేస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ట్రాక్ కాగ్ త్రెడ్ 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. మామూలు ఫ్రీవీల్ త్రెడ్ కూడా అదే కొలత. అందువల్ల మీ పాత సైకిల్ ఫ్రీవీల్ విప్పేసి అదే హబ్‌కి కాగ్ ఎక్కిస్తే చక్కగా ఎక్కుతుంది. మెకానిక్ కూడా ‘సెట్ అయింది సార్’ అంటాడు. సెట్ కాలేదు. ఆ హబ్‌కి లాక్‌రింగ్ మెట్టు లేదు. నాలుగు రోజులు బాగానే నడిచి, ఏదో ఒక దిగుడులో గట్టిగా అదిమిన క్షణాన కాగ్ మర విప్పుకుంటుంది. పెడళ్లు వదులైపోతాయి, వెనక నుంచి ఆపే శక్తి అక్కడితో సరి. విదేశాల్లో దీన్ని సూసైడ్ హబ్ అంటారు, అతిశయోక్తి ఏమీ లేదు. త్రెడ్‌కి జిగురు పూసినా, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) లాక్‌రింగ్ ఒకటి దొరికించుకుని పైన బిగించినా పూర్తి భరోసా రాదు. ఆ రింగ్ కుడి త్రెడ్‌ది, కాగ్ ఊడే వైపు తిరిగితే అదీ దాని వెంట ఊడుతుంది.

ఇంకొందరు ఫ్రీవీల్‌నే వెల్డింగ్ చేయించి ఫిక్స్ చేస్తారు. లోపలి పళ్లు అతుక్కుంటాయి నిజమే, కానీ ఆ మొత్తం ముద్ద హబ్ మీద ఉన్నది అదే లాక్‌రింగ్ లేని త్రెడ్ మీద. రోగం అలాగే ఉంటుంది. ఆ పైన వేడికి దెబ్బతిన్న ఇనుము. ఈ పని చేసిపెడతామనే షాపులో ఇంకే పనీ చేయించుకోవద్దు.

డిస్క్ బ్రేక్ ఉండే హబ్‌కి, డిస్క్ కూర్చునే ఆరు బోల్టుల చోట బిగించే కాగ్‌లు కూడా వస్తాయి. అవి నమ్మదగినవే, త్రెడ్ ఊడే ప్రశ్నే రాదు. పాత మౌంటెన్ బైక్‌ని ఫిక్సీ చేయాలనుకునేవాళ్లకు అవి దారి చూపిస్తాయి. చైన్ లైన్, అంటే ముందు వెనక పళ్లచక్రాలు ఒకే వరసలో ఉండటం, కుదుర్చుకోవడానికి మాత్రం కాస్త ఓపిక కావాలి.

రెడీమేడ్ ఫిక్సీ

ఫ్లిప్-ఫ్లాప్ హబ్‌కి ఒకవైపు ఫిక్స్‌డ్ త్రెడ్, రెండోవైపు ఫ్రీవీల్ త్రెడ్ ఉంటాయి. చక్రం విప్పి తిప్పి పెడితే సింగిల్ స్పీడ్ ఫిక్సీ అవుతుంది, ఫిక్సీ సింగిల్ స్పీడ్ అవుతుంది. కొత్తవాళ్లకు ఇదే సరైనది అనడానికి కారణం అదే. రెండు వారాలు తొక్కాక మీ మోకాళ్లకు పడకపోతే సైకిల్ అమ్ముకోనక్కర్లేదు.

కొనే ముందు అడగాల్సినవి ఇవి. ఫిక్స్‌డ్ వైపు కాగ్, లాక్‌రింగ్ బిగించి ఇస్తున్నారా, లేక త్రెడ్ మాత్రమే ఉందా? చాలా సైకిళ్లు ఫ్రీవీల్ వైపు చైన్ తగిలించి వస్తాయి, రెండోవైపు కొన్నిసార్లు బోసిగా ఉంటుంది. లాక్‌రింగ్ త్రెడ్ నిజంగా ఉందా? రెండు వైపులా ఫ్రీవీల్ త్రెడ్డే ఉన్న హబ్‌లు కూడా ఉంటాయి, చూడ్డానికి ఒకేలా కనిపిస్తాయి. లాక్‌రింగ్ కూర్చునే ఆ బయటి చిన్న మెట్టుని కంటితో చూసి నిర్ధారించుకోండి. ముందు వెనక రెండు బ్రేకులూ వస్తున్నాయా? ఫ్రీవీల్ వైపు తొక్కాలంటే రెండూ తప్పనిసరి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ దారి బాగా సులువు. ఆరిజోనాకి చెందిన స్టేట్ బైసికిల్ వంటి కంపెనీలు ఇలాంటి సైకిళ్ల మీదే నిలబడ్డాయి. ఫ్యూజీ ఫెదర్, సర్లీ స్టీమ్‌రోలర్ లాంటివి సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతూ ఉంటాయి. స్టీమ్‌రోలర్‌లో లావు టైర్లకు చోటుండటం గతుకుల రోడ్ల మీద పెద్ద సుఖం. మన దగ్గర ఎంపిక తక్కువ. అందుకని దొరికిన ఒకటి రెండు మోడళ్లలో పై ప్రశ్నలకు సరిగ్గా జవాబు వచ్చేదాన్ని తీసుకోవడమే.

ఫ్రేము లోహం గురించి ఎక్కువ బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. చవక వాటిలో హై-టెన్సైల్ స్టీలు ఉంటుంది, మొత్తం సైకిల్ 11-12 కిలోలు తూగుతుంది. 4130 క్రోమోలీ స్టీలు అంటే అదే బలానికి పల్చటి గొట్టాలు, కొంత తేలిక. అల్యూమినియం ఇంకా తేలిక, కానీ మన గతుకులు ఒళ్లంతా తెలుస్తాయి. క్రోమోలీ అందుబాటులో ఉంటే తీసుకోండి. హై-టెన్ అని మంచి హబ్ ఉన్న సైకిల్‌ని వదులుకోవద్దు.

సింగిల్ స్పీడ్ కొని చక్రం మార్చడం

కాగితం మీద చవక. వెనక ఫోర్కుకి రెండు వైపులా చక్రం కూర్చునే గాడుల మధ్య ఖాళీని స్కేలుతో లోపలి వైపు నుంచి కొలవండి. ట్రాక్ హబ్ వెడల్పు 120 మి.మీ. మీ ఫ్రేము కూడా 120 అయితే కొత్త చక్రం నేరుగా కూర్చుంటుంది. రిమ్ బ్రేకుల రోడ్ బైక్ గేర్ల ఫ్రేము 130, పాత మౌంటెన్ బైక్ 135 ఉంటాయి. అప్పుడు పొడవు యాక్సిల్, రెండు వైపులా వాషర్లు, చైన్ లైన్ సర్దుబాటు అన్నీ వెంటపడతాయి.

ఇక లెక్క వేయండి: ఫిక్స్‌డ్ హబ్‌తో కట్టించిన చక్రం, కాగ్, లాక్‌రింగ్, ఒకవేళ చైన్ మందం కలవకపోతే కొత్త చైన్, పెడళ్లకు స్ట్రాపులు. చివరకి తడిసి మోపెడవుతుంది. చేతిలో ఇప్పటికే నచ్చిన సింగిల్ స్పీడ్ ఉంటే ఈ దారి సరే. ఫిక్సీ కోసమే కొత్తగా సింగిల్ స్పీడ్ కొని తర్వాత చక్రం మార్చడం మాత్రం రెండుసార్లు డబ్బు పెట్టడమే.

చైన్ విషయంలో చిన్న మెలిక. ట్రాక్ చైన్ 1/8 అంగుళం వెడల్పు, గేర్ల సైకిల్ చైన్ 3/32. వెడల్పు చైన్ సన్నపళ్ల మీద నడుస్తుంది, కాస్త చప్పుడు చేస్తుంది, అంతే. సన్న చైన్ 1/8 పళ్ల మీద కూర్చోదు. చైన్‌వీల్ (ముందు పళ్లచక్రం), కాగ్, చైన్ మూడూ ఒకే కొలతలో ఉంటే నిశ్శబ్దంగా పోతుంది.

పాత స్టీల్ సైకిల్ మార్పిడి

సరదాగా ఉంటుంది, పని నేర్పుతుంది. ఫ్రేము సరిగ్గా ఎంచుకోకపోతే మొదటికే మోసం. మొదట చూడాల్సింది వెనక గాడి ఏ దిశలో ఉందనేది. అడ్డంగా, అంటే నేలకు దాదాపు సమాంతరంగా పొడవుగా ఉంటే చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపి చైన్ బిగువు సరిచేసుకోవచ్చు. నిలువుగా ఉంటే చక్రం ఒకే చోట కూర్చుంటుంది, చైన్ బిగించే దారి ఉండదు. గేర్ల సైకిల్లో ఆ పని గేర్లు మార్చే డిరైలర్ చేస్తుంది, సింగిల్ స్పీడ్‌కైతే చైన్ టెన్షనర్ తగిలిస్తారు. ఫిక్సీకి టెన్షనర్ అస్సలు పెట్టకూడదు. కాళ్లు వెనక్కి అదిమినప్పుడు బిగువు చైన్ కింది వైపుకి మారుతుంది, టెన్షనర్ వంగిపోతుంది లేదా విరిగి చక్రంలో పడుతుంది. నిలువు గాడి ఫ్రేముని మర్యాదగా పక్కన పెట్టేయండి.

పాత డ్రాప్ హ్యాండిల్ సైకిళ్లకు తరచూ 27 అంగుళాల చక్రాలుంటాయి. ఇప్పటి 700సి రిమ్ము వాటికంటే వ్యాసార్ధంలో 4 మి.మీ. చిన్నది. అంటే బ్రేక్ రబ్బరు 4 మి.మీ. కిందికి అందాలి. ఉన్న బ్రేకుల్లో రబ్బరు జరిపే గాడికి అంత పొడవుందో లేదో చూసుకోండి, లేకపోతే పొడవు చేతుల బ్రేకులు వేరే కొనాలి. వెనక ఖాళీ 126 ఉండటం కూడా మామూలే. 120 హబ్‌కి రెండువైపులా 3 మి.మీ. వాషర్లు వేస్తే సరిపోతుంది.

కాటర్ పిన్నుతో బిగించే పాత క్రాంకులు (పెడళ్లు తగిలించే చేతులు) ఉన్న సైకిల్‌ని మాత్రం ఫిక్సీ చేయకండి. ఫ్రీవీల్ సైకిల్లో క్రాంకు మీద బలం ఒకే వైపు పడుతుంది. ఫిక్సీలో ముందుకూ వెనక్కూ మారి మారి పడుతుంది, పిన్ను కాస్త కాస్తగా అరిగి క్రాంకు ఊగడం మొదలవుతుంది. చతురస్రపు యాక్సిల్ ఉన్న బాటమ్ బ్రాకెట్‌కి మార్చుకోండి, లేదా ఆ సైకిల్‌ని ఉన్నదున్నట్టు వాడుకోండి.

చైన్ లైన్ ట్రాక్ హబ్‌లో 42 మి.మీ. ఉంటుంది. ఫ్రేము మధ్య గీత నుంచి కాగ్ పళ్ల వరకు ఉండే దూరం అది. ముందు చైన్‌వీల్ కూడా అంతే దూరంలో ఉండాలి. రెండు చైన్‌వీళ్ల క్రాంకుని ఒకటే పెట్టి వాడుతుంటే, లోపలి స్థానంలో పెట్టి కొలవండి, బయటి స్థానంలో పెట్టి కొలవండి, 42కి దగ్గరగా వచ్చేది ఉంచండి. ఒకటే చైన్‌వీల్‌కి పొట్టి బోల్టులు కావాలి, పాతవి పొడవెక్కువై బిగవవు. తేడా 2 మి.మీ. దాటితే చైన్ గరగరలాడుతుంది, ఊడే అవకాశం పెరుగుతుంది. ఫిక్సీలో చైన్ ఊడటం మామూలు సైకిల్‌లో ఊడటం లాంటిది కాదు. అది కాగ్‌కీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని వెనక చక్రాన్ని ఉన్నపళంగా బిగించేయగలదు.

ట్రాక్ సైకిల్ ఇప్పుడే ఎందుకు వద్దు

హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ వెలొడ్రోమ్‌లో తిరిగే సైకిళ్లు, జపాన్ కేరిన్ పందేల సైకిళ్లు చూసి మనసు పడనివాళ్లుండరు. కేరిన్ 1948లో కొకురాలో మొదలైంది. ఆ పందేల్లో వాడే ఫ్రేములు, విడిభాగాలకు ఎన్‌జేఎస్ అనే ఆమోద ముద్ర ఉండాలి, అందుకే ఆ ముద్ర ఉన్న పాత ఫ్రేములకు ప్రపంచమంతా గిరాకీ. అందంలో, పనితనంలో వాటికి వంక పెట్టలేం. కానీ అవి పుట్టింది బ్రేకులు, గుంతలు, ఆటోలు లేని చోటు కోసం.

ట్రాక్ ఫోర్కుకి చాలాసార్లు బ్రేక్ బిగించే రంధ్రమే ఉండదు. టైరుకి చోటు 23 లేదా 25 మి.మీ.కే సరిపోతుంది. ముందు చక్రం కాళ్లకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా మలుపు తిప్పినప్పుడు బూటు ముందు టైరుకి తగులుతుంది. మామూలు సైకిల్లో అయితే ఆ క్షణం కాలు ఆపేస్తారు. ఇక్కడ ఆపలేరు. యూ-టర్న్ మధ్యలో కాలివేలు టైరులో ఇరుక్కుని పడిపోవడం ఇలాగే జరుగుతుంది. ఏ ఫ్రేమైనా కొనే ముందు సీటెక్కి, క్రాంకు నేలకు సమాంతరంగా ముందుకు పెట్టి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూడండి. మీరు రోజూ వేసుకునే బూట్లతోనే చూడాలి, చెప్పులతో కాదు.

ట్రాక్ ఫ్రేముకి ఒక మేలు గుణం ఉంది, అది ఒప్పుకోవాలి. దాని బాటమ్ బ్రాకెట్ రోడ్ సైకిల్ కంటే ఎత్తుగా ఉంటుంది. మలుపులో వంగినప్పుడు లోపలి పెడల్ నేలకు తగలదు. రోడ్ ఫ్రేముని మార్చి చేసిన ఫిక్సీలో ఆ ఎత్తు ఉండదు, పైగా కాలు పైన ఆపి ఉంచే అవకాశమూ లేదు. అలాంటప్పుడు 170 మి.మీ. క్రాంకు బదులు 165 వేసుకుంటే 5 మి.మీ. కలిసొస్తుంది. వినడానికి తక్కువే, మలుపులో తేడా తెలుస్తుంది.

ఎన్ని పళ్లు?

రెడీమేడ్ సైకిళ్లలో 46/16 (ముందు 46 పళ్లు, వెనక 16) లేదా 44/16 వచ్చే అవకాశం ఎక్కువ. కొన్నిటికి 48/16 ఉంటుంది. కొత్తవాళ్లు దుకాణంలో దీని గురించి అడగరు, ఇంటికెళ్లాక మోకాళ్లు అడుగుతాయి. కింది లెక్కలు 700×28 టైరుకి, చక్రం ఒక చుట్టుకు 2.136 మీటర్లు పోతుందన్న కొలతతో వేసినవి.

| ముందు/వెనక | నిష్పత్తి | పెడల్ చుట్టుకి దూరం | నిమిషానికి 90 చుట్లయితే వేగం | 45 కి.మీ. వేగంలో కాళ్ల చుట్లు | స్కిడ్ చోట్లు |
|---|---|---|---|---|---|
| 42/17 | 2.47 | 5.28 మీ. | 28.5 కి.మీ. | 142 | 17 |
| 46/18 | 2.56 | 5.46 మీ. | 29.5 కి.మీ. | 137 | 9 |
| 44/17 | 2.59 | 5.53 మీ. | 29.9 కి.మీ. | 136 | 17 |
| 46/17 | 2.71 | 5.78 మీ. | 31.2 కి.మీ. | 130 | 17 |
| 44/16 | 2.75 | 5.87 మీ. | 31.7 కి.మీ. | 128 | 4 |
| 46/16 | 2.88 | 6.14 మీ. | 33.2 కి.మీ. | 122 | 8 |
| 48/16 | 3.00 | 6.41 మీ. | 34.6 కి.మీ. | 117 | 1 |

45 కి.మీ. వేగం వరసని జాగ్రత్తగా చూడండి, దిగుడులో వచ్చే వేగం అది. గేరు ఎంత తేలికైతే ఎక్కుడు అంత సుఖం, దిగుడులో కాళ్లు అంత పిచ్చిగా తిరగాలి. అలవాటు లేనివాళ్లకు నిమిషానికి 120 చుట్లు దాటాక కాళ్లు పెడళ్లను నడపవు, పెడళ్లే కాళ్లను నడుపుతాయి. సీటు మీద ఎగిరెగిరి పడతారు. అంటే ఏ గేరైనా నిటారు దిగుడులో ముందు బ్రేకుతో వేగాన్ని పట్టి ఉంచాల్సిందే. దాన్ని తప్పించుకుందామని బరువు గేరు పెట్టుకుంటే ఆపేటప్పుడూ ఎక్కేటప్పుడూ అదే మోకాళ్ల మీద పడుతుంది.

విజయవాడ లాంటి చదును వీధుల్లోనో, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట వేసిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీదో ఎక్కువగా తిరిగేవాళ్లు 46/17 తో మొదలుపెట్టవచ్చు. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు, విశాఖ కైలాసగిరి పక్క రోడ్డు రోజువారీ దారిలో ఉంటే 44/17 లేదా 42/17. శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి ఊళ్లో ఉన్నవాళ్లకు 42/17 కూడా బరువే అనిపించవచ్చు, వెనక 18 పెట్టుకోండి.

స్కిడ్ చోట్ల సంగతి: చక్రం బిగించి జార్చినప్పుడు టైరులో ఎన్ని వేర్వేరు చోట్ల అరుగుదల పడుతుందో ఆ అంకె చెప్తుంది. నిష్పత్తిని భిన్నంగా రాసి, కొట్టివేతలు అయిపోయాక కింద మిగిలిన అంకె అది. 48/16 కొట్టేస్తే 3/1. అంటే ఎప్పుడూ అదే కాలు ముందు పెట్టి స్కిడ్ చేసేవాళ్ల టైరు ప్రతిసారీ ఒకే చోట అరుగుతుంది. కొత్త టైరుకి నెలలోపే దారాలు బయటపడతాయి. వెనక 17 ఉన్నప్పుడు 17 ప్రధాన సంఖ్య కాబట్టి భిన్నం కొట్టుకుపోదు, అరుగుదల చక్రమంతా పంచుకుంటుంది. స్కిడ్ చేయనివాళ్లకు ఈ లెక్కతో పనిలేదు, కానీ ఫిక్సీ కొని స్కిడ్ నేర్చుకోనివాళ్లు అరుదు.

బ్రేకు గురించి వాదన లేదు

ముందు బ్రేకు ఉండాలి. బ్రేకు లేని ఫిక్సీ ఫొటోల్లో బాగుంటుంది. ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. అందుకే కాళ్లతో మాత్రమే ఆపితే ముందు బ్రేకుతో ఆపిన దానికి దాదాపు రెట్టింపు దూరం పడుతుంది. పొడి రోడ్డు మీద 25 కి.మీ. వేగంలో సుమారు 5 మీటర్లలో ఆగాల్సింది 10 మీటర్లవుతుంది. చైన్ తెగినా, ఊడినా ఆ 10 మీటర్లు కూడా ఉండవు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఇది చట్టం కూడా. 1983 నాటి సైకిల్ నిబంధనల ప్రకారం ఫిక్సీకి ముందు చక్రం మీద బ్రేకు తప్పనిసరి. వెనక ఫిక్స్‌డ్ చక్రమే రెండో బ్రేకు కింద లెక్క. జపాన్‌లో రోడ్డు మీద రెండు చక్రాలకూ బ్రేకులుండాలి. కాలిఫోర్నియా చట్టం పొడిగా, చదునుగా, శుభ్రంగా ఉన్న రోడ్డు మీద చక్రాన్ని జార్చగలిగే బ్రేకు ఉండాలంటుంది.

కాబట్టి కొనేటప్పుడు ఫోర్కు నడినెత్తిన బ్రేక్ రంధ్రం ఉందో లేదో చూడండి. లేని ఫోర్కుకి డ్రిల్లు వేయించకండి. వెనక కూడా రంధ్రం ఉంటే మంచిదే, ఫ్రీవీల్ వైపు తొక్కాల్సి వస్తే పనికొస్తుంది.

పాదాల పట్టు కూడా బ్రేకులో భాగమే అనుకోండి. స్ట్రాపు లేకుండా ఫిక్సీ తొక్కితే కాలు జారిన క్షణం పెడల్ ఆగదు, తిరిగొచ్చి పిక్క మీద కొడుతుంది. కొత్తవాళ్లకు వెడల్పాటి వెల్క్రో స్ట్రాపులు సులువు, మామూలు బూట్లతోనే సరిపోతాయి. లోహపు టో క్లిప్పులు గట్టివే, కానీ నిలిపినప్పుడు కాలు లాగడం అలవాటు కావాలి. బూటు అడుగున బిగుసుకునే క్లిప్‌లెస్ పెడళ్లు ఇదివరకే వాడుతున్నవాళ్లు వాటినే ఉంచుకోవచ్చు, ఫిక్సీ, క్లిప్‌లెస్ రెండూ ఒకేసారి నేర్చుకోవడం మాత్రం వద్దు.

ఇంటికి తెచ్చాక, మొదటి తొక్కుడుకి ముందు

షాపువాళ్లు బిగించి ఇచ్చినా ఒకసారి చూసుకోండి. కాగ్ త్రెడ్‌కి గ్రీజు రాసి, చైన్ విప్‌తో (చైన్ ముక్క ఉన్న పొడవు కాడ పనిముట్టు) బలంగా బిగించాలి. తర్వాత లాక్‌రింగ్‌ని దాని స్పానర్‌తో ఎడమవైపు తిప్పి బిగించాలి. సుత్తి, స్క్రూడ్రైవర్ పెట్టి కొట్టే పని పెట్టుకోవద్దు, లాక్‌రింగ్ గాడులు చెడితే మళ్లీ విప్పడం నరకం. కొత్త కాగ్‌తో ఒక ఎక్కుడు గట్టిగా తొక్కి వచ్చాక లాక్‌రింగ్ మళ్లీ బిగించండి. కాగ్ ఇంకాస్త లోపలికి కూర్చుని మధ్యలో సందు పడి ఉంటుంది, ఆ సందే తర్వాత త్రెడ్ తినేసేది.

చైన్ బిగువు చూడటానికి క్రాంకు పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. చైన్‌వీళ్లు అచ్చు గుండ్రంగా ఉండవు కాబట్టి ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా ఉంటుంది. బాగా బిగువైన చోట ఆపి, పై చైన్ మధ్యలో వేలితో నొక్కితే పైకీ కిందికీ కలిపి దాదాపు 10 మి.మీ. కదలాలి. అసలు కదలకపోతే బేరింగులు తొందరగా అరుగుతాయి, తొక్కేటప్పుడు గరగర వినిపిస్తుంది. వేలాడితే ఊడుతుంది. చక్రాన్ని జరపడానికి ఎడమ నట్టు బిగించి చక్రాన్ని కాస్త ఒకవైపు తిప్పడం, తర్వాత కుడి నట్టు బిగించి ఇంకోవైపు తిప్పడం, ఇలా అడుగులు వేయించినట్టు వెనక్కి తేవాలి. చివర్లో టైరు ఫ్రేముకి రెండు వైపులా సమాన దూరంలో ఉందో చూసి రెండు నట్లూ బిగించేయండి. వెనక నట్లకు 15 మి.మీ. స్పానర్ కావాలి. పంక్చరయితే రోడ్డు మీద అది లేకుండా చక్రం ఊడదు కాబట్టి ట్యూబుతో పాటు సంచిలో ఉండాల్సిందే.

చైన్ తుడిచేటప్పుడు చక్రం తిప్పుతూ గుడ్డ పట్టుకోకండి. మామూలు సైకిల్లో వేలు చైన్‌లో పడితే చక్రం తిరుగుతున్నా చైన్ ఆగుతుంది. ఇక్కడ చక్రం బరువంతా వేలిని చైన్‌వీల్‌లోకి లాగేస్తుంది, వేళ్లు తెగిన సందర్భాలున్నాయి. చక్రం ఆపి, అంగుళం అంగుళం తుడవండి. తొక్కేటప్పుడు కూడా వదులు ప్యాంటు, వేలాడే చున్నీ, బయటికొచ్చిన బూటు లేసు దగ్గరకి రానివ్వకండి. లేసు పెడల్ యాక్సిల్‌కి చుట్టుకుంటే మీరు కాలు ఆపలేరు, సైకిల్ ఆగేదాకా బిగుస్తూనే పోతుంది.

మొదటి రోజు ఖాళీ మైదానమో, ఆదివారం పొద్దున్నే నిర్మానుష్యంగా ఉన్న కాలనీ రోడ్డో చూసుకోండి. అలవాటు కొద్దీ కాళ్లు ఆపబోతారు, పెడళ్లు మిమ్మల్ని సీటు మీంచి ముందుకు తోస్తాయి. మొదటి గంటలో ఇది నాలుగైదుసార్లు తప్పదు. ఆగేటప్పుడు ముందు బ్రేకు మెల్లగా పట్టుకుని, చక్రం పూర్తిగా నిలిచేదాకా కాళ్లను తిప్పుతూనే ఉండండి. పాదం స్ట్రాపులోంచి తీయడం ఆగాకే.

కొన్ని వారాలయ్యాక గేరు మార్చాలనిపిస్తే చైన్‌వీల్ జోలికి పోకుండా వెనక కాగ్ మార్చండి, చవకగా తేలుతుంది. ఒక పన్ను పెరిగినా తగ్గినా చక్రం గాడిలో దాదాపు 3 మి.మీ. జరుగుతుంది. 17 నుంచి 16కి వెళ్తే వెనక్కి, 18కి వెళ్తే ముందుకి. గాడిలో ఆ చోటుంటే చైన్ మార్చనక్కర్లేదు. వెనక బ్రేకు ఉన్నవాళ్లు చక్రం జరిగాక రబ్బరు రిమ్ముకే తగులుతోందా, టైరుకి రాసుకుంటోందా అని మాత్రం చూసుకోవాలి.